నాలుక చాపే ‘వానపాము’: గుడ్డిపాము కథాకమామిషు

సంక్షిప్తంగా: తొలకరి తర్వాత విజయవాడ, గుంటూరు ఇళ్ళలో బాత్రూమ్ మూలల్లోనూ పూలకుండీల కిందా కనిపించే నల్లని, సన్నని ప్రాణి చాలాసార్లు గుడ్డిపాము. దానికి విషం లేదు, మనిషిని కరిచేంత నోరూ లేదు. చీమల గుడ్లు, చెదల పిల్లలు దాని ఆహారం. ఈ జాతిలో మగవి ఉన్నట్టు ఇప్పటికీ తేలలేదు. ఆడది ఒంటరిగానే గుడ్లు పెడుతుంది. అందుకే ఒక్క కుండీ మట్టిలో ఒక్క పాము దాగి వెళ్ళినా కొత్త దేశంలో దాని సంతతి మొదలవుతుంది.

వానలు మొదలైన వారం పది రోజులకు ఒక తరహా వీడియో ఫోన్లలో తిరగడం మామూలే. తెల్లటి టైల్స్ మీద నల్లని దారప్పోగులాంటిది మెలికలు తిరుగుతూ ఉంటుంది. వెనక నుంచి రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి వానపాము అంటుంది, రెండోది కట్లపాము పిల్ల అంటుంది. మొదటి గొంతు గెలిస్తే ఆ ప్రాణి చీపురు దెబ్బతో బయట పడుతుంది, రెండోది గెలిస్తే చెప్పు కింద నలుగుతుంది. చాలావరకు రెండు గొంతులూ పొరబడినట్టే.

పాము కానివి పాములు, పాము మాత్రం వానపాము

ఈ గజిబిజిలో తెలుగు భాషకూ కొంత వాటా ఉంది. కాళ్ళు లేకుండా పాకే దేన్నైనా పాము అనేయడం మనకు అలవాటు. మట్టిని గుల్లచేసేది వానపాము, కడుపులో పెరిగేది ఏలికపాము. రెండింటికీ వెన్నెముక లేదు, పాములతో ఏ చుట్టరికమూ లేదు. వెన్నెముక, పొలుసులు, చీలిన నాలుక అన్నీ ఉన్న అసలు పాము ఎదురైతే మాత్రం దాన్ని వానపాము అంటున్నాం.

తేడా తెలియాలంటే కాసేపు వంగి చూడాలి. వానపాము ఒళ్ళు తడిగా, జిగటగా ఉంటుంది. ఉంగరాలు పేర్చినట్టు గీతలు కనిపిస్తాయి. ముందుకు సాగేటప్పుడు ఒళ్ళు సన్నగా పొడవవుతుంది, మళ్ళీ లావుగా పొట్టిదవుతుంది. గుడ్డిపాము అలా సాగదు, ముడుచుకోదు. అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పోతుంది. లావు బాల్‌పెన్ రీఫిల్ అంత, పొడవు సాధారణంగా ఆరు నుంచి పదిహేడు సెంటీమీటర్లు. ఒళ్ళు పొడిగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. కదలకుండా ఆగినప్పుడు ఒక కొస నుంచి నాలుక లోపలికీ బయటికీ ఆడుతుంది. వానపాముకు అలాంటి నాలుకే లేదు కాబట్టి ఈ ఒక్క గుర్తు చాలు.

రెండో కొసలో ఇంకో వింత ఉంది. తోక మొండిగా, తల అంతే లావుగా ఉండి, చివర ఒక చిన్న ముల్లుతో ముగుస్తుంది. మట్టిలో తలను ముందుకు తోసేటప్పుడు ఆ ముల్లును ఆనించుకుని పాము పట్టు దొరకబుచ్చుకుంటుంది. చేత్తో పట్టుకుంటే అదే ముల్లును వేలికి నొక్కుతుంది, చెడు వాసన గల ద్రవమూ వదులుతుంది. ‘వానపాము కరిచింది’ అని చెప్పుకునే సంఘటనల్లో కొన్నింటి వెనక ఉన్నది బహుశా ఈ ముల్లే.

కట్లపాము పిల్ల సంగతి వేరు. గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజుకే అది ఎదిగిన గుడ్డిపాము కన్నా పొడవుగా ఉంటుంది. ఒంటి మీద తెల్లని అడ్డపట్టీలు, స్పష్టమైన కళ్ళు, పొట్ట కింద వెడల్పాటి పొలుసులు ఉంటాయి. గుడ్డిపాముకు పైనా కిందా ఒకే రకం చిన్న పొలుసులు. నడుము చుట్టూ లెక్కపెడితే ఇరవై వరుసలు. కళ్ళు ఉన్నచోట పొలుసు కింద రెండు నల్లచుక్కలు మాత్రమే కనిపిస్తాయి. వాటితో వెలుగుకూ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతకు మించి చూపు లేదు. పేరులోని గుడ్డితనం అక్కడిదే.

విశాఖపట్నంలో విన్న పేరు

ఈ పామును ప్రపంచానికి పరిచయం చేసింది తెలుగు నేలే. పద్దెనిమిదో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను పోగుచేసి, బొమ్మలు గీయించి, 1796లో పుస్తకంగా వేశారు. పాములకు లాటిన్ పేర్లు వెతుక్కునే బదులు స్థానికులు పిలిచే పేర్లనే ఆయన ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నారు. ‘బంగారం పాము’ అని ఆయన విన్న పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. విశాఖపట్నంలో దొరికిన ఒక చిన్న పాముకు ఆయన రాసుకున్న పేరు ‘రొండూ తలూలూ పామ్’. రెండు తలల పాము అన్న మాట ఆయన చెవికి అలా చేరింది.

ఆ బొమ్మను, వివరాలను ఆధారం చేసుకుని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మరీ దోదాఁ 1803లో ‘ఎరిక్స్ బ్రామినస్’ అని పేరు పెట్టారు. ‘ఎరిక్స్’ అంటే ఇసుక బోవాలనే బొద్దుపాటి, విషం లేని పాముల ప్రజాతి. మొండి తోక చూసి దీన్నీ అందులోనే కలిపేశారన్నమాట. ఆ తర్వాత ఇది టిఫ్లాప్స్ అయింది, రామ్ఫోటిఫ్లాప్స్ అయింది. 2014 నుంచి చాలామంది శాస్త్రవేత్తలు ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్ అంటున్నారు.

మన వైపు కూడా పేరు చేతులు మారింది. ఇప్పుడు ‘రెండు తలల పాము’ అంటే బొద్దుగా ఉండే రెడ్ శాండ్‌బోవా. దానికి లక్షలు పలుకుతాయని మోసగాళ్ళు ప్రచారం చేస్తారు, పట్టుబడి జైలుకూ వెళుతుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది. రస్సెల్ చేతిలో ఆ పేరు మోసిన పాము మాత్రం జానెడు కూడా లేదు. తలా తోకా ఒకేలా ఉన్న ప్రతి పాముకూ ఈ పేరు అంటుకుంటుంది. శత్రువు ఏ కొసను పొడవాలో తేల్చుకోలేకపోవడం అలాంటి పాములకు కలిసొచ్చే విషయం.

చీమల పుట్టలో భోజనం

చీమలు పెట్టిన పుట్ట పాముల పాలు అని సామెత. నాగుపాము విషయంలో అది కట్టుకున్న ఇల్లు పోవడం. గుడ్డిపాము విషయంలో ఇంటితోపాటు పిల్లలూ పోవడం. దాని తిండి దాదాపుగా చీమల, చెదల గుడ్లు, లార్వాలు, ప్యూపాలే. గట్టి నేలను తవ్వే బలం ఇంత చిన్న పాముకు ఉండదు. వదులు మట్టిలో దూరుతుంది, లేదంటే చీమలు తవ్వి ఉంచిన సొరంగాల్లోనే నడుస్తుంది. గుడ్డిపాముల జాతుల్లో కొన్ని చీమల బారు వదిలిన వాసనను నాలుకతో పట్టి పుట్ట దాకా వెళతాయని అమెరికా, ఆస్ట్రేలియాల్లో చేసిన ప్రయోగాలు చూపించాయి.

చిక్కంతా లోపలికి వెళ్ళాక. ఒక లార్వా ఒక మెతుకంత కూడా ఉండదు కాబట్టి కడుపు నిండాలంటే చాలా తినాలి. ఆలోగా కాపలా చీమలు చుట్టుముడతాయి. మామూలు పాము ఎలుకను మింగేటప్పుడు పైదవడ ఎడమ సగం ఒకసారి, కుడి సగం ఒకసారి ముందుకు జరుపుతూ నిదానంగా ఎర మీదికి ఎక్కుతుంది. ఆ తీరు ఇక్కడ పనికిరాదు. గుడ్డిపాముకు కింది దవడలో పళ్ళే లేవు. పైదవడలో పళ్ళున్న ఎముకలు పుర్రెకు వదులుగా అతుక్కుని ఉంటాయి. అవి బయటికి విచ్చుకుని, లార్వాను పట్టి, లోపలికి మడుచుకుంటాయి. కళ్ళంలో గొర్రుతో ధాన్యం లాగినట్టు సెకనుకు మూడు నుంచి ఐదుసార్లు ఈ పని జరుగుతుంది. కొద్ది నిమిషాల్లో విందు ముగించుకుని బయట పడవచ్చు.

దీనికి దూరపు చుట్టమైన దారపు పాములు అదే ఇబ్బందికి సరిగ్గా తలకిందుల మార్గం కనిపెట్టాయి. వాటికి పళ్ళు కింది దవడలోనే ఉంటాయి. ఆ దవడ రెండు సగాలూ రెండు రెక్కల తలుపులా లోపలికీ బయటికీ ఊగుతూ ఆహారాన్ని నెడతాయి. ఒకే వృత్తి, ఒకే రకం కష్టం, పనిముట్టు మాత్రం ఒకరికి పైన, ఒకరికి కింద.

చెదల్లో ఎదిగినవాటిని తినేటప్పుడు గుడ్డిపాము ఇంకో నేర్పు చూపిస్తుంది. పురుగును వెనక నుంచి నోట కరుచుకుని, తలను నేలకేసి రాసి, తెంపి, మిగతాది మింగుతుంది. ఈ ప్రవర్తనను జపాన్ పరిశోధకులు 2015లో వివరించారు. చెదల తల గట్టిగా ఉండి అరగదు. తెంపకుండా మింగిన తలలు రెట్టలో అలాగే బయటికి వచ్చాయి. పాములంటే ఎరను ముక్కలు చేయకుండా మింగేవే అన్న మాటకు ఇంత చిన్న పాము ఇచ్చిన మినహాయింపు ఇది.

చీమల కాటు నుంచి కాపాడేది ఒళ్ళే. ఒకదానిపై ఒకటి బిగుతుగా పరుచుకున్న నున్నని పొలుసుల మీద చీమ దవడలకు పట్టు దొరకడం కష్టం. ఆ కవచం ఎంత గట్టిదో తెలిపే ఉదంతం ఒకటి తూర్పు తైమూర్ నుంచి వచ్చింది. అక్కడ ఒక గోండ్రుకప్ప మలద్వారం నుంచి గుడ్డిపాము ప్రాణాలతో బయటికి రావడాన్ని పరిశోధకులు చూశారు. కప్ప మింగింది, పేగుల గుండా పాము ప్రయాణం చేసింది. బయట పడిన కొన్ని గంటలకు అది చనిపోయినా, జీర్ణరసాలను దాటి రావడమే విశేషం. ఆ కప్ప వేరే ఏదో జాతి కాదు. మన ఇళ్ళ చుట్టూ వీధి దీపాల కింద పురుగులు ఏరుకునే బొడిపెల కప్పే.

మగ లేని వంశం

వివిధ దేశాల్లో పట్టిన గుడ్డిపాములను కోసి పరిశీలించిన జీవశాస్త్రవేత్తలకు ఆడవే దొరుకుతూ వచ్చాయి. 1970లలో వచ్చిన అనుమానం తర్వాతి దశాబ్దంలో బలపడింది. 1987లో క్రోమోజోముల పరిశీలన అసలు సంగతి చెప్పింది. మామూలు జంతువుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున క్రోమోజోములు రెండు వరుసలు ఉంటాయి. ఈ పాములో మూడు ఉన్నాయి. పాఠ్యపుస్తకాల భాషలో ఇది త్రయస్థితికం (మూడు వరుసల క్రోమోజోములున్నది), అనిషేకజననంతో, అంటే మగకణం కలవకుండానే, సంతానం పొందే జీవి.

మూడు వరుసలున్న జీవికి బీజకణాలు తయారుచేసుకోవడం కష్టం. సగానికి విడగొట్టాలంటే మూడు సమంగా చీలవు. విత్తనాల్లేని అరటిపండుకూ కారణం ఇలాంటిదే. అరటి పిలకలతో గట్టెక్కింది, గుడ్డిపాము గండం దాటింది తన సొంత క్రోమోజోములతోనే పూర్తి గుడ్డు తయారుచేసి. ఇదే దారిలో నడిచే అమెరికా విప్‌టెయిల్ బల్లుల్లో కణవిభజనకు ముందే క్రోమోజోములు రెట్టింపవుతాయని, ఒకే రకం నకళ్ళు రెండేసి జతకట్టడంతో ఏదీ పోకుండా పిల్లకు చేరుతుందని తెలిసింది. ఇలాంటి వంశాలు సాధారణంగా దగ్గరి జాతుల సంకరం వల్ల మొదలవుతాయి.

కొండచిలువలు, కొమొడో డ్రాగన్లనే భారీ బల్లులు కూడా మగ తోడు లేనప్పుడు అరుదుగా పిల్లల్ని కన్న సందర్భాలు జంతుప్రదర్శనశాలల్లో ఉన్నాయి. అవి తప్పనిసరై తొక్కిన అడ్డదారులు. ఎల్లప్పుడూ ఇదొక్కటే దారిగా బతుకుతున్నట్టు తెలిసిన పాము మాత్రం ఇదొక్కటే. ఒక కాన్పుకు పెట్టేది రెండు నుంచి ఆరేడు గుడ్లు. ఒక్కొక్కటి బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. పిల్లలన్నీ ఆడవి, దాదాపు తల్లి నకళ్ళు.

కుండీలో కూర్చుని ఖండాంతరాలకు

మగ అక్కర్లేకపోవడం, మట్టిలో దాగే అలవాటు, పూచికపుల్లంత ఒళ్ళు: ఈ మూడూ కలిసి దీన్ని ప్రపంచంలో అత్యంత విస్తృతంగా వ్యాపించిన నేలపాముగా మార్చాయి. దక్షిణాసియా దీని పుట్టిల్లని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఇప్పుడు అంటార్కిటికా తప్ప ప్రతి ఖండంలోనూ ఉంది. హవాయి దీవుల్లో 1930లో కనిపించింది, అమెరికాలోని ఫ్లోరిడాలో 1970ల చివర్లో. మొక్కల వేళ్ళకు అంటుకున్న మట్టే వాహనం. అందుకే ఇంగ్లిషులో దీనికి పూలకుండీ పాము అన్న పేరూ స్థిరపడింది.

పరాయి పాము కొత్త దీవికి చేరితే ఏం జరుగుతుందో పసిఫిక్ సముద్రంలోని గువాం దీవి చూపించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకులతో వచ్చిన గోధుమరంగు చెట్టుపాము అక్కడి అడవి పక్షుల్లో చాలా జాతులను తుడిచిపెట్టింది. గుడ్డిపాము చేరిన చోట అంతటి విధ్వంసమేదీ నమోదు కాలేదు. తినేది చీమలను, చెదలను. అవి ఎక్కడైనా దండిగా ఉంటాయి.

కుండీ ప్రయాణం విదేశాల ముచ్చట మాత్రమే కాదు. విజయవాడ, గుంటూరు నర్సరీల్లో అమ్మే మొక్కల్లో చాలావరకు గోదావరి ఒడ్డున కడియం ప్రాంతం నుంచి లారీల్లో వస్తాయి. మొక్కతోపాటు వేళ్ళ చుట్టూ ఒక మట్టిముద్ద, ఆ ముద్దలో తేమ, ఆ తేమకు చేరిన చీమలు. మిద్దెతోటల మోజు పెరిగాక కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, వానపాముల ఎరువు బస్తాలు కూడా మెట్లెక్కి డాబాల మీదికి చేరుతున్నాయి. నాలుగో అంతస్తుకు పాము ఎలా ఎక్కిందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే: అది ఎక్కలేదు, మోసుకెళ్ళారు. వానపాముల ఎరువు బస్తాలోంచి బయటపడిన ‘వానపాము’ నాలుక చాపితే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు.

ఈ రెండు ఊళ్ళలో, ఈ కాలంలోనే ఎందుకు

కారణం నేలలోనూ నీళ్ళలోనూ ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున, ఏలూరు, బందరు, రైవస్ కాలువల మధ్య ఒండ్రు మట్టి మీద పెరిగిన ఊరు. వదులుగా, తడిగా ఉండే ఆ మట్టి గుడ్డిపాముకు అనుకూలం. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. ఎండాకాలంలో అది చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి లోతుకు దారులు తెరుస్తుంది. వాన పడగానే ఉబ్బి ఆ దారులు మూసుకుంటాయి. ఒండ్రులోనైనా రేగడిలోనైనా సందుల్లోకి నీరు చేరితే గాలి ఆడదు. లోపల ఉన్న ప్రాణి పైకి రాక తప్పదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీల్లో రోజుల తరబడి నీరు నిలిచినట్టు, వరద నిలిచిన చోట మట్టిలోని జీవులకు మిగిలేది గోడలూ గట్లూ ఇళ్ళ గచ్చులే.

తొలకరికే ఉసిళ్ళు లేస్తాయి, చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడ వెంట పైకి తరలుతాయి. గుడ్డిపాముకు అది నడుస్తున్న భోజనశాల. చీమల బారు తలుపు గడప కిందికో, టైల్స్ మధ్య సందులోకో, మురుగు గొట్టం పక్కకో పోతే పాము కూడా అటే పోతుంది.

వేసవిలో కనిపించడానికి కారణం వేరు. ఒళ్ళు చిన్నదైతే బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, తేమ త్వరగా పోతుంది. మే నెల ఎండలో పెరటి మట్టి పెళ్ళలు కట్టినప్పుడు ఇంట్లో ఎప్పుడూ తడిగా ఉండే చోటు బాత్రూమ్. అక్కడికి వచ్చాక ఇరుక్కుపోతుంది. మట్టిలో చకచకా సాగే పాము నున్నటి టైల్ మీద పట్టు దొరక్క ఉన్నచోటే గింజుకుంటుంది. చూసేవారికి అది కోపంగా, దూకుడుగా అనిపిస్తుంది.

భయం ఎంత, ప్రమాదం ఎంత

గుడ్డిపాముకు విషగ్రంథులు, కోరలు లేవు. నోరు తల కింది వైపున సన్నని గీతలా ఉంటుంది, మనిషి చర్మం అందులో పట్టదు. నిద్రపోయేవారి చెవిలోకి దూరుతుందన్న భయానికి దాని ఆహారపు అలవాట్లలో ఏ ఆధారమూ లేదు. చెవిలో చీమల గుడ్లు ఉండవు కదా.

అసలు ప్రమాదం గుర్తింపులోని తప్పుతో వస్తుంది. గుడ్డిపామేలే అని కట్లపాము పిల్లను చేతిలోకి తీసుకుంటే అది ప్రాణం మీదికి వస్తుంది, పిల్లకూ విషం ఉంటుంది. పట్టీలు కనిపించినా, పొడవు జానెడు దాటినా, అనుమానం కలిగినా చేయి దూరంగా ఉంచి పాములు పట్టేవారిని పిలవడమే దారి. నిజంగా పాము కరిచిందనిపిస్తే జాతి తేల్చుకునే వాదనలతో సమయం పోగొట్టకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. విరుగుడు మందు అవసరమో కాదో లక్షణాలను బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. ఆ మందు కొందరిలో తీవ్రమైన అలర్జీ తెస్తుంది కాబట్టి అక్కర్లేని చోట వాడరు.

ఇంట్లోకి రాకుండా చేయాలంటే పాము మీద కన్నా చీమల మీద దృష్టి పెట్టడం తెలివైన పని. గచ్చు పగుళ్ళు, గొట్టం చుట్టూ సందులు సిమెంటుతో పూడ్చడం, నీళ్ళు పోయే రంధ్రానికి సన్నని కన్నాల జాలీ బిగించడం, కుండీల కింద పళ్ళేల్లో నీరు నిలవకుండా చూడడం సరిపోతాయి. ఉప్పు, కిరోసిన్, బ్లీచింగ్ పొడి చల్లితే కంటికి కనిపించిన పాము చావవచ్చు, అది వచ్చిన దారి మాత్రం అలాగే ఉంటుంది. కొత్త ఎరువు బస్తాను కుండీల్లో నింపే ముందు పట్టా మీద పరిచి కాసేపు ఎండనిస్తే లోపల దాగినవి వాటంతటవే నీడకు పోతాయి.

ఇప్పటికే టైల్స్ మీద గింజుకుంటున్నదైతే, పట్టీలు లేవని నిర్ధారించుకుని, ఒక గట్టి కాగితం ముక్క దాని ముందు ఆనిస్తే ఎక్కుతుంది. నీడలో మెత్తటి మట్టి ఉన్న చోట వదిలితే ముందు నాలుక ఆడిస్తుంది, తర్వాత తల దించుతుంది. చివరిగా కనిపించేది ముల్లున్న తోక కొస. అదీ మట్టిలోకి జారిపోవడానికి అట్టే సేపు పట్టదు.